తూము ఆలస్యంగా ఎత్తిన ఏడు

ఎక్కడే? ఆ కరెంటు స్తంభం మీదా? ఆఁ, ఏదో తెల్లగా ఉంది. నా కళ్ళకి అది కొంగో, గాలికి ఎగిరిపడ్డ తువ్వాలో కూడా తెలియదు గానీ, నువ్వు కొంగంటే కొంగే. మిగతావన్నీ పోయినా ఇదొక్కటీ ఎందుకుందీ అంటే ఏం చెప్పనే, ఆలస్యంగా పుట్టి ఉంటుంది. పిట్టల్లో వెనక పుట్టినదాని బతుకు అంతే. మనుషుల్లో తారుమారు, కడగొట్టువాడికే గారం. ఇలా కూర్చో, ఆ ఉతికిన బట్టలు మడతపెడుతూ విను. చేతులు ఖాళీగా ఉంటే నువ్వు ఫోను తీస్తావు, నేను గోడకి చెప్పుకున్నట్టుంటుంది.

మా అత్తయ్యని నువ్వెరగవు. మీ తాతయ్యని కన్నతల్లి. మీ నాన్న బడికెళ్ళే రోజుల్లోనే పోయింది. మనిషి పొట్టి, మాట పొడుగు. మా వీధి వీధంతా పెంకుల కార్ఖానా మీద బతికేది. కార్ఖానా వెనక పెద్ద మడుగు, దాని గట్టు మీద తుమ్మచెట్లు, ఆ చెట్ల నిండా ఏటేటా కొంగలు. ఈ సన్నకొంగలు కాదు, ముక్కు జానెడుండే పెద్దకొంగలు. వానలకి మడుగు నిండగానే వచ్చేవి, గూళ్ళు కట్టి పిల్లల్ని చేసేవి, ఎండలు ముదిరే వేళకి పిల్లల్ని తీసుకుని పోయేవి. అవి పోయాక మడుగు తూము ఎత్తేవాళ్ళు. నీళ్ళన్నీ కాలవలోకి పోతే అడుగున బంకమట్టి, వెన్నలాంటి మట్టి, దాన్ని తవ్వి, తొక్కి, పెంకులు తీసి, పలకల మీద ఆరబెట్టి, మళ్ళీ వానలొచ్చేలోపల కాల్చి దించెయ్యాలి. అదీ మా ఏడాది. ఆ తూము మర తిప్పే పని మా మామయ్యది, ఆయన పోయాక అత్తయ్యది. కొంగ చెట్టు మీద ఉండగా తూము ఎత్తకూడదు. అది మా వీధి కట్టుబాటు. ఎప్పుడో ఎవడో తొందరపడి ఎత్తితే పిల్లలన్నీ గూళ్ళల్లోనే చచ్చాయట, ఆ ఏడు పెంకులు కాల్చే బట్టీ నిలువునా పగిలిందట. నిజమో అబద్ధమో, ఆ పగిలిన బట్టీని చూశానన్నవాడు నాకైతే ఒక్కడూ కనపడలేదు. అయినా అందరూ భయపడేవాళ్ళు.

ఇంతకీ మీ చిన్నతాత. మీ తాతయ్యకి మీసం మొలిచాక పుట్టాడు. అత్తయ్య కూతుళ్ళిద్దరూ అప్పటికి కాపరాలకి వెళ్ళిపోయారు. అంత లేటు వయసులో కన్నందుకు ఆవిడకి కొంచెం సిగ్గూ, చాలా ప్రేమా. పుట్టినప్పుడు పిడికెడు లేడట. నడకొచ్చేసరికే అందరి పిల్లలూ పరుగులు పెడుతున్నారట. దాంతో ఆవిడ వాణ్ణి అరచేతిలో పెట్టుకుని పెంచింది. పెంచడమంటే ఎంతవరకు? నూనూగు మీసాలొచ్చి, గొంతు బొంగురుపోయి, ద్వారం కంటే పొడుగు ఎదిగినా సరే, అన్నం కలిపి ముందు పెట్టేది. మట్టిలో దిగనిచ్చేది కాదు, బట్టీ దగ్గరికి పోనిచ్చేది కాదు. ఆ వీధిలో మగపిల్లాడు మట్టిలో దిగకపోతే ఇంకేం చేస్తాడు చెప్పు. మీ తాతయ్య అప్పటికే మట్టి ముఠాకి మేస్త్రీ. ఆయన ఏమైనా అంటే, నువ్వు నా పొట్టలో నెలలు నిండి పుట్టావురా, వాడు అలా పుట్టలేదు అనేది. ఏం, ఎవరైనా ఆ మాట ఇరవయ్యేళ్ళదాకా చెప్పుకుంటారా? కాకిపిల్ల కాకికి ముద్దు అన్నారు గానీ, ఎన్నాళ్ళు ముద్దో చెప్పలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మడుగు నిండడం ఆలస్యం, చేప పెరగడం ఆలస్యం, కొంగలు గూడు కట్టడం ఆలస్యం. వచ్చేది ఆలస్యమైనా పోయేది ఆగుతుందా, ఎండకి ఎవరి మొహమాటం? ఎండలు ఎప్పట్లాగే ముదిరాయి. ముందు పొదిగిన పిల్లలు ఎలాగో రెక్కలు కూడదీసుకున్నాయి. ఓ ఉదయం చూస్తే ఆకాశంలో గుండ్రాలు తిరుగుతున్నాయి, మధ్యాహ్నానికి చెట్లు బోసిపోయాయి. వీధంతా పలుగులూ పారలూ బయటికి తీసింది. అత్తయ్య తూము మర పిడి భుజాన వేసుకుని గట్టు మీదికి నడిచింది. ఇలా వెళ్ళి అలా తిరిగొచ్చింది. చివరి చెట్టు మీద ఇంకా గూడుంది, అందులో మూడు పిల్లలున్నాయి అంది. వెనకపడి గుడ్లు పెట్టిన జంట ఏదో. పిల్లలకి ఒంటి నిండా ఇంకా నూగే, రెక్కలో ఈక సగమే దిగింది. తల్లీ తండ్రీ మాత్రం ఇంకా చేప తెచ్చి పెడుతున్నాయి. సరే, నాలుగురోజులు ఆగుదాం అన్నారందరూ. నాలుగురోజులు ఆగారు. ఇంకో నాలుగురోజులు ఆగారు. అప్పుడు ఆ పెద్దవి రెండూ కూడా పోయాయి.

నువ్వలా మొహం పెట్టకు. వాటిని తిట్టి లాభం లేదు. వాటి ఒంట్లో ఉంటుంది, ఫలానా రోజుకి పోవాలని. ఆగితే అవీ చస్తాయి. అత్తయ్య మాత్రం వాటిని పచ్చి తిట్లు తిట్టింది. కన్నతల్లులేనా మీరు అని ఆకాశంలోకి చూసి చేతులు తిప్పింది. ఇంక ఆ మూడూ ఏడుపు లంకించుకున్నాయి చూడూ, ఎండిపోయిన గొంతులతో, గీ గీ మని, తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా. పెంకుల పలకలు పెట్టే కొట్టం ఆ చెట్టు కిందే ఉంది, దాని కప్పు మీదికి దిగి నోళ్ళు తెరుచుకుని నిలబడేవి. మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. అత్తయ్య బుట్ట పట్టుకుని మడుగు అంచుల్లో చిన్నచేపలు దేవి, కప్పు మీదికి విసరడం మొదలెట్టింది. నేనూ సంతోషించాను, ఏడుపు ఆగింది కదా అని. రోజూ పొద్దున్నోసారి, సాయంత్రమోసారి. చేపలు దేవడానికి మీ చిన్నతాతని తోడు తీసుకెళ్ళేది, అదీ అంచుల్లోనే, మోకాలు తడిస్తే వెనక్కి రమ్మనేది. పిల్లలు బాగా బలిశాయి. ఈకలు దిగాయి. ఇవాళ ఎగురుతాయి, రేపు ఎగురుతాయి అంటుంది. అవేమో కప్పు మీంచి కొమ్మ మీదికి, కొమ్మ మీంచి కప్పు మీదికి. ఆవిడ బుట్ట కనపడితే చాలు, మెడలు చాచుకుని పరుగు.

ఈలోపు వీధి ఉడికిపోతోంది. పని లేదు. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని ఒకళ్ళనొకళ్ళు కరుస్తున్నారు. వెళ్ళి ఆ మర తిప్పెయ్యొచ్చుగా అంటావు. ఎవరు తిప్పుతారు? బట్టీ పగిలితే నీవల్లే అంటారని ఎవడికీ ధైర్యం లేదు. కార్ఖానా మేనేజరు ఓరోజు మా గుమ్మంలోకొచ్చాడు. ఆయనకి మాటకో దగ్గు. "అమ్మా... ఖళ్... మీ పిట్టల కోసం... ఖళ్... వానలు ఆగవు కదమ్మా" అని. ఈ వారం తూము ఎత్తకపోతే పై ఊరినుంచి మట్టి తెప్పించుకుంటాం, మీ వీధివాళ్ళకి ఈ ఏడు పని ఉండదు, వేరేచోటివాళ్ళని పెట్టుకుంటాం అని చల్లగా చెప్పి వెళ్ళాడు. అత్తయ్య నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. అప్పటిదాకా ఆవిడ మాటకి తల వంచినవాళ్ళే మా వాకిట్లోంచి వెళ్తూ వినపడేట్టు అనడం మొదలుపెట్టారు, ముసలమ్మకి కొంగలు కావాలి గానీ మన పిల్లలు అక్కర్లేదూ అని. నాకు బయటికెళ్ళి నీళ్ళు తేవాలంటే ప్రాణం పోయేది. ఇటు మొగుడు పళ్ళు కొరుకుతాడు, అటు అత్త పెదవి విప్పదు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆ మర్నాడు అన్నం దగ్గర పేలింది. అత్తయ్య ఎప్పట్లాగే చిన్నవాడి కంచంలో కూర కలిపి, ముద్దలు చేసి, పక్కన పెడుతోంది. మీ తాతయ్య చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు. ఆయన గట్టిగా అరిచే మనిషి కాదు, ఆ రోజూ అరవలేదు. అదే నాకు భయమేసింది.

"వీడికి పెట్టినట్టే వాటికీ పెడుతున్నావు. వీడు ఎగిరాడా, అవి ఎగరడానికి?" అన్నాడు.

మీ చిన్నతాత చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. వాడేం వెర్రివాడు కాదే, నెమ్మదస్తుడు అంతే. మొహం నల్లగా అయిపోయింది. ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడిగేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. అత్తయ్య ఎంతసేపు కూర్చుందో ఆ కంచం ముందు. నేను ఎత్తబోతే ఉండనీ అంది. నాకు మీ తాతయ్య మీద ఒళ్ళు మండిపోయింది, తల్లిని అనాల్సిన మాటేనా అని. కానీ లోపల్లోపల, నిజం కాదూ అని కూడా అనిపించింది. కడుపు నిండిన పిట్ట రెక్కెందుకు విప్పుతుంది?

మర్నాడు పొద్దున్న ఆవిడ బుట్ట తియ్యలేదు. మర పిడి తీసుకుంది. ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ పిలవలేదు. నేను కల్లాపి చల్లుతూ చూశాను, గట్టు మీద చిన్న మనిషి, అంత పిడికి వేలాడినట్టు పడి తిప్పుతోంది. తూము తలుపు లేచి, నీళ్ళు కాలవలోకి ఒక్కసారిగా దూకిన చప్పుడుకి వీధంతా బయటికొచ్చింది. మగవాళ్ళకి సంతోషం పట్టలేదు గానీ ఆవిడ మొహం చూసి గట్టు కిందే ఆగిపోయారు. మాకు తెలిసి కొంగ ఉండగా తూము ఎత్తిన మనిషి ఆవిడే మరి. ఏమైనా అయితే నా ఇంటికే అవుతుంది, మీకేం అంది. తూము పక్కన రాయి మీద కూర్చుంది. అవి ఏడుస్తున్నాయి. నీళ్ళు తగ్గుతున్న కొద్దీ ఇంకా ఏడుస్తున్నాయి. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో బిగించి కూర్చుంది, లేచి చేప విసురుతానేమోనని తన చేతుల మీద తనకే నమ్మకం లేనట్టు. అన్నం తీసుకెళ్తే, వాటికి పెట్టకుండా నేను తింటానా అంది. ఆ రోజు గడిచింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పడుకోలేదనుకో.

రెండోరోజుకి మడుగు ఖాళీ. నడుమ బురద తళతళలాడుతోంది, చేపలన్నీ నీళ్ళతోపాటే పోయాయి. ఎండ బాగా ఎక్కాక ఒక పిల్ల కప్పు అంచుకొచ్చి, ఊగి, ఊగి, దూకింది. పడిందే అనుకున్నాం. కిందికి జారి, గట్టు తాకబోయి, రెక్క కొట్టింది. లేచింది. వేడిగాలి పట్టుకుని చుట్లు తిరుగుతూ చెట్లకి పైకి పోయింది. దాని వెనకే రెండోది. వీధివాళ్ళు ఈలలు వేశారు. అత్తయ్య రాయి మీంచి లేచి నిలబడి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని మొహంతో, పోండి, పోండి అంటోంది. మూడోదొకటి మిగిలింది, అన్నిట్లోకీ చిన్నది. తోడబుట్టినవి పోతుంటే మెడ చాచి చూసి, అదీ దూకింది. బలం చాలలేదు. మడుగు నడిమధ్యకి వెళ్ళి, బట్ట జారినట్టు జారి, బురదలో పడింది. ఒక రెక్క పైకి లేస్తోంది, పడుతోంది.

అయ్యో అనుకుని నిలబడ్డారందరూ. ఎందుకంటే తడిమట్టిలోకి ఎవరూ దిగరు. దానికో పద్ధతుంది. పగిలిన పెంకు ముక్క విసురుతారు. ముక్క పైన నిలిస్తే దిగొచ్చు, మునిగితే ఇంకా రోజులు ఆగాలి. మా వీధిలో నడకొచ్చిన ప్రతి పిల్లాడికీ తెలుసు అది. మీ చిన్నతాతకి తప్ప. వాణ్ణెప్పుడూ ఎవరూ మట్టిలో దింపి నేర్పలేదుగా. మేమందరం నడుమనున్న పిల్లని చూస్తున్నాం, వాడు అవతలి గట్టు నుంచి దిగి నడిచిపోతున్నాడు. నలుగురూ చూసేసరికి మోకాళ్ళదాకా దిగాడు. కేకలేశారు. వినిపించుకోలేదు. ఇంకో పది అడుగులు పడ్డాయో లేదో తొడలదాకా, పిల్లని అందుకుని రెండు చేతుల్తో పైకెత్తేసరికి నడుందాకా. అప్పుడు ఆగాడు. ఆగాడంటే, ఇంక కాలు రాలేదు.

మీ తాతయ్య ఎక్కణ్ణుంచి వచ్చాడో, కొట్టంలోంచి పెంకుల పలకలు లాగించి, ఒకదాని తర్వాత ఒకటి బురద మీద పరిపిస్తూ, వాటి మీద పొట్ట మీద పాకుతూ వెళ్తున్నాడు. "నడవకు, బోర్లా పడుకో" అంటున్నాడు తమ్ముడితో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. వీడు పడుకోడు, కదలాలని గింజుకుంటాడు, గింజుకున్న కొద్దీ దిగుతాడు. పలకలు కొంతదూరం వెళ్ళి ఇంక బరువాగక మునగడం మొదలెట్టాయి. అన్న చెయ్యి చాస్తే ఇంకో మనిషి పొడుగు ఎడముంది ఇద్దరికీ. అక్కడ వీడు గట్టు వైపు తిరిగి చూశాడు. అమ్మ కోసం. ఏం దెబ్బ తగిలినా, ఏ కుక్క మొరిగినా, వాడు ముందు తిరిగేది ఆవిడ వైపే. ఆవిడ ఎప్పుడూ చేసేది కూడా ఒకటే, రా నాన్నా రా అని రెండు చేతులూ చాచడం. అలా చాచిందా, వాడు ఇటు తిరిగి, ఉన్నచోటే కూరుకుపోతాడు. గట్టు మీదున్న మాకందరికీ అది తెలుస్తోంది. ఎవరూ ఆవిడకి చెప్పలేకపోతున్నారు.

ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. నా పక్కనే ఉంది, గోళ్ళు తన మణికట్టులో దిగిపోతున్నాయి.

"నా వైపు చూడకురా. అన్న చెయ్యి చూడు. నువ్వే వెళ్ళాలి" అంది.

వాడు ఇంకాసేపు మా వైపే చూశాడు. తర్వాత తల తిప్పాడు. పిల్లని ముందు బురద మీద పెట్టాడు, దాన్ని ముందుకి నెట్టుకుంటూ తను పొట్ట మీద వాలాడు, ఒక మోచెయ్యి, ఇంకో మోచెయ్యి, కాళ్ళు లాక్కుంటూ. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. చెయ్యీ చెయ్యీ అందాక మీ తాతయ్య ఏడ్చాడు, అదొక్కసారే నేను చూసింది, అంత బురదలోనూ తమ్ముణ్ణి ఒడిసిపట్టుకుని. అత్తయ్య మాత్రం గట్టు దిగలేదు. వాళ్ళంతట వాళ్ళు వచ్చేదాకా అక్కడే నిలబడి, వచ్చాక వాడి తల మీద ఒక చెంబు నీళ్ళు పోసి, ఇంటికి నడిచింది.

ఆ పిల్లని కడిగి, తుడిచి, కొట్టం కప్పు మీద కూర్చోబెట్టారు. రెక్క వేలాడుతోంది గానీ తల నిలబెట్టింది. మీ చిన్నతాత మొహం చూడాలి, చెవుల్లో ఇంకా మట్టి, నవ్వు మాత్రం ఇంత. అమ్మా, ఇది ఎగిరిపోయిందంటే నేను అన్నతో మట్టిలోకి వెళ్తాను అన్నాడు. పందెం కట్టినట్టు అన్నాడు. అత్తయ్య సరే అంది. ఒక్క చేప వెయ్యమంటే, ఇవాళ్టికి వేస్తాలే అని వేసింది కూడా.

తెల్లవారుతూనే నేను చీపురు తీసుకుందామని చూస్తే గోడవారన చీపురు లేదు. కొట్టం వైపు వెళ్ళాను. అత్తయ్య ఊడుస్తోంది. ఆ కొట్టం ఎదుట ఆవిడ ఊడవడం నేను ఆ ఇంట్లో కాలు పెట్టాక ఎన్నడూ చూళ్ళేదు. నేలంతా శుభ్రంగా ఉంది, నీళ్ళు కూడా చల్లింది, గట్టు వారన కొత్తగా తవ్వి పూడ్చిన మట్టి. పిల్లి అరుపు రాత్రి నేనూ విన్నాను. కప్పు మీద ఏం లేదు. చీపురు పుల్లల్లో ఒక బూడిదరంగు ఈక ఇరుక్కుని ఉంది. నా చూపు ఎక్కడుందో గమనించి, ఆ ఈక తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఈలోపు మీ చిన్నతాత పరుగెత్తుకుంటూ వచ్చాడు. కప్పు చూశాడు, చెట్టు చూశాడు, ఆకాశం చూశాడు. వెళ్ళిందా అమ్మా అన్నాడు.

"తెల్లారుతూనే లేచిపోయింది. ఇంక నువ్వు పద, అన్న ఎదురుచూస్తున్నాడు" అంది.

వాడు పార భుజాన వేసుకుని వెళ్ళాడు. ఆ రోజు నుంచి బతికినన్నాళ్ళూ మట్టిలోనే పని చేశాడు, మేస్త్రీ అయ్యాడు, కనపడిన ప్రతివాడికీ తను కాపాడిన కొంగ గురించి చెప్పాడు. ఆవిడ వింటూ కూర్చునేది. ఒక్కసారి కూడా... ఒక్కసారి కూడా ఆ గుప్పిలి...

ఏదీ, ఆ దుప్పటి ఇటు తే. మూలలు సరిగ్గా కలపలేదు నువ్వు.